రూల్సక్క తమ్ముడి వేలు

పెయింట్ పనివాళ్లలో రూల్సక్క అంటే తెలియనివాళ్లు లేరు. అసలు పేరు ఆవిడ గుర్తింపు కార్డులో ఉంటే ఉందేమో గానీ, బయట ఎవరి నోటా వినపడదు. యాభై నాలుగేళ్ల మనిషి. ఎండాకాలమైనా సరే చీర మీద పొడుగు చేతుల చొక్కా, మెడ దాకా బొత్తాలు. ఆవిడ దగ్గర పెట్రోలుతో నడిచే పెయింట్ స్ప్రే మెషిన్ ఉంది. రెండు చక్రాల బండి మీద ఇంజను, కింద పంపు, దాన్నుంచి పొడుగాటి పైపు, పైపు చివర గన్. కరెంటు ఇంకా రాని కొత్త ఇళ్లకూ, గోదాములకూ దాన్ని తోసుకెళ్తుంది. నలుగురు బ్రష్షులు పట్టుకుని రెండు రోజులు చేసే పనిని ఆవిడా, ఆవిడ తమ్ముడూ కలిసి ఒక్క పూటలో లాగించేస్తారు.

తమ్ముడంటే చిన్నవాడనుకునేరు! నలభై ఎనిమిదేళ్లు, మీసం సగం నెరిసింది, ఇద్దరు బిడ్డల తండ్రి. తల్లి పోయేనాటికి వాడికి ఎనిమిదేళ్లు, అక్కకి పద్నాలుగు. తల దువ్వడం దగ్గర్నుంచి పెళ్లి చేయడం దాకా అన్నీ ఆవిడే చూసుకుంది. అందుకే ఇవాళ్టికీ అక్క "ఒరేయ్" అంటే చాలు, చేతిలో ఉన్న పని కింద పెట్టి నిలబడతాడు.

రూల్సక్క అన్న పేరు ఊరికే రాలేదు. మెషిన్ కొన్న కొత్తలో కంపెనీ మనిషి వచ్చి పని నేర్పాడు. మిగతావాళ్లు ఆవలిస్తుంటే ఈవిడొక్కతే ముందు కూర్చుని ప్రశ్నలతో ఆయన ప్రాణం తోడేసింది. ఆయన చెప్పిన మాటల్లో ఒకటి ఆవిడ గుండెల్లో దిగబడిపోయింది. "ఈ గన్‌లోంచి వచ్చే ధార గ్లౌజునీ, తోలునీ చీల్చుకుని లోపలికి పోతుందమ్మా. పైకి చీమ కుట్టినంత చుక్కే కనిపిస్తుంది. లోపల చెయ్యంతా పాడైపోతుంది."

ఇక ఆ రోజు నుంచి ఆవిడ నోటికి తాళం లేదు. ఇంజను గుమ్మానికి దూరంగా ఆరుబయటే ఉండాలి, పొగ కిటికీల వైపు రాకూడదు. ఇంజను చల్లారందే పెట్రోలు డబ్బా మూత తీయకూడదు, ఇంటి యజమాని వచ్చి కాళ్లావేళ్లా పడ్డా సరే. గన్ మూతికుండే నాజిల్‌ని తాకాలంటే గన్‌కి లాక్ వేసి, ఇంజను ఆపి, ప్రెషర్ తగ్గించి, వాల్వ్ తెరిచి, గన్‌లో మిగిలిందంతా బకెట్లోకి వదిలేసి, మళ్లీ లాక్ వేసి, అప్పుడు తాకాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా తమ్ముడు అయిపోయాడే! తాతల దాకా వెళ్లి తిట్టి వస్తుంది. తిట్టు ఆ రోజుతో ఆగదు కూడా. నెల తర్వాత పెళ్లి భోజనాల దగ్గర పదిమందిలో మళ్లీ ఎత్తుతుంది. "వీడున్నాడే, మొన్న గన్‌కి లాక్ వెయ్యకుండా కింద పెట్టాడు, మహానుభావుడు!" అందరూ నవ్వేవారు. తమ్ముడూ నవ్వేవాడు. పదకొండేళ్లుగా తన మెషిన్ దగ్గర ఒక్క నెత్తుటి చుక్క పడలేదని ఆవిడకి మహా గర్వం. అదంతా తన నోటి చలవేనని నమ్మకం.

ఆ రోజు ఒకే వరుసలో ఉన్న ఆరు కొత్త ఇళ్లకి లోపల రంగు కొట్టాలి. పొద్దున ఏడింటికే మొదలుపెట్టారు. ఇంజను బయట ఇసక కుప్ప పక్కన నిలబెట్టి, పైపు లోపలికి లాక్కున్నారు. ఎనిమిది దాటాక, రంగు విషయం మాట్లాడాలంటూ ఇళ్ల యజమాని చివరింటి దగ్గరికి రమ్మని అక్కకి కబురు పంపాడు. పడగ్గది పైకప్పు సగం అయింది. "మిగతాది కానిచ్చెయ్, నే వస్తా" అని ఆవిడ వెళ్లింది.

ఆవిడ అటు వెళ్లగానే నాజిల్ మూసుకుపోయింది. తమ్ముడు నాజిల్‌ని వెనక్కి తిప్పి ఒకసారి బకెట్లోకి కొట్టి చూశాడు. అడ్డుపడ్డ గడ్డ కదల్లేదు. ఇప్పుడు బయటికెళ్లాలి, ఇంజను ఆపాలి, ప్రెషర్ దించాలి, ఆ తతంగమంతా నడపాలి. అంతా కలిపి ఐదు నిమిషాల పని, అంతకంటే ఏమీ లేదు. కానీ ఇంజను చప్పుడు ఆగిందంటే చివరింటి దగ్గర అక్క చెవులు నిక్కబొడుచుకుంటాయి. "ఎందుకాపావు? పొద్దున రంగు వడకట్టమంటే వడకట్టావా?" అని మొదలెడుతుంది. నిజం చెప్పాలంటే వడకట్టలేదు. అందుకని లాక్ కూడా వేయకుండా, ఎడమ చూపుడువేలితో నాజిల్ మీది రంగు గడ్డని ఒక్క తోపు తోశాడు. కుడిచేతి వేళ్లు ట్రిగ్గర్ మీదే ఉన్నాయి.

టప్‌మంది. చురుక్కుమంది, అంతే. గ్లౌజు తీసి చూస్తే వేలి చివర చిన్న చుక్క. నెత్తురు కూడా రాలేదు. నీళ్లతో కడుక్కుని, కొత్త గ్లౌజు తొడుక్కున్నాడు. కంపెనీ మనిషి మాట వాడికి గుర్తు లేక కాదు. రోజూ వింటున్నదే. "నాకేం కాలేదులే" అని తనకి తనే చెప్పుకున్నాడు. అక్క తిరిగొచ్చేసరికి మిగతా పైకప్పు కానిచ్చి, ఇంజను ఆపి, నాజిల్ శుభ్రంగా కడిగి కూర్చున్నాడు. "పర్వాలేదే, బుద్ధొచ్చింది!" అని మెచ్చుకుంది కూడా, పిచ్చి తల్లి.

మధ్యాహ్నం రెండింటికి భోజనానికి కూర్చున్నారు. తమ్ముడు డబ్బాని మోకాళ్ల మధ్య పెట్టుకుని ఒంటిచేత్తో మూత తీయబోతున్నాడు. ఎడమ చేతి గ్లౌజు ఇంకా అలాగే ఉంది. పని ఆగితే చాలు ముందు గ్లౌజులు పీకి అవతల పడేసే మనిషి వాడు.

"ఏంట్రా ఆ చెయ్యి?"

"ఏం లేదక్కా, కాస్త గీసుకుంది."

"ఏదీ, చూడనీ."

గ్లౌజు లాగితే రాలేదు. కత్తెరతో కోసింది. వేలు రెండింతలైంది. చర్మం పాలిపోయి బిగుసుకుంది. చివర, పైకప్పుకి కొడుతున్న ఆ తెల్లరంగే ఒక చుక్క. ఆవిడకి క్షణంలో అర్థమైంది. తిట్టడానికి కూడా ఆగలేదు. అన్నం డబ్బాలు అక్కడే వదిలేసి, సంచీ భుజాన వేసుకుని, వాడి రెక్క పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, ఆటో ఆపింది.

ఆస్పత్రిలో ముందు గదిలో ఉన్న కుర్ర డాక్టరు ఆ చుక్క చూసి, "దీనికింత హడావుడి ఎందుకండీ? కట్టు కట్టి సూది వేస్తాం, వెళ్లండి" అన్నాడు.

"బాబూ, ఇది గీత కాదు" అందావిడ. "మెషిన్ రంగుని లోపలికి కొట్టింది. కట్టు కడితే వీడి చెయ్యి పోతుంది. పెద్ద డాక్టరుగారిని పిలవండి. పిలిచేదాకా నేనిక్కణ్ణించి కదలను." మెషిన్‌తో పాటు డాక్టర్లకి చూపించమని ఇచ్చిన కాగితం ఒకటుంది. సంచీలోంచి అది తీసి బల్ల మీద పరిచింది. కుర్రాడు చదివాడు. రెండో పేరా దగ్గరికొచ్చేసరికి ముఖం మారింది. ఫోను అందుకున్నాడు.

పావుగంటలో చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ వచ్చింది. వేలు చూసింది, అరచెయ్యి నొక్కి చూసింది. మణికట్టు దగ్గర నొక్కగానే తమ్ముడు కెవ్వుమన్నాడు.

"ఎప్పుడు జరిగింది?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. "ఇప్పుడేనండీ. గంట... గంట కూడా కాలేదు."

"సరిగ్గా చెప్పండి. లోపలికెళ్లిన రంగు గంట గంటకీ చేతిని పాడుచేస్తుంది. దాన్నిబట్టే ఎంతవరకు కోసి శుభ్రం చెయ్యాలో చూసుకోవాలి. గంటేనా?"

వాడు మళ్లీ అక్క వైపే చూశాడు. రూల్సక్క నోరు తెరిచింది. "నిజం చెప్పరా, వెధవా" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. వాడి కళ్లు చూసి ఆగిపోయింది. అవి నొప్పితో బెదిరిన కళ్లు కావు. ఎనిమిదేళ్లప్పుడు నీళ్ల కుండ పగలగొట్టి తలుపు చాటున నక్కినప్పుడు చూసిన కళ్లే. వాడు తనని చూసి భయపడుతున్నాడు. చెయ్యి పోతున్నా సరే, తనకే భయపడుతున్నాడు.

ఆవిడ లేచి, ఏమీ అనకుండా బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేసింది. తలుపు సరిగ్గా పడలేదు. లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"పొద్దున ఎనిమిదిన్నరకండీ."

"ఎనిమిదిన్నరా! ఇప్పుడు మూడవుతోంది. ఇంతసేపూ ఎందుకాగారు?"

"మా అక్క తిడుతుందనండీ."

వరండాలో బల్ల ఉంది గానీ, ఆవిడ కూర్చోలేకపోయింది. గోడకి ఆనుకుని అలాగే నిలబడి నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆపరేషను రెండు గంటలు పట్టింది. చెయ్యి దక్కింది. చూపుడువేలు రెండు కణుపులు తీసేశారు. పొద్దున్నే వచ్చుంటే వేలు దక్కేదేమో అంది డాక్టరమ్మ. అవకాశం ఎక్కువ ఉండేదట.

మర్నాడు పొద్దున వాడికి పూర్తిగా తెలివొచ్చింది. అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. వాడు కట్టు చూసుకున్నాడు, తర్వాత అక్కని చూశాడు.

"అక్కా, లాక్ వెయ్యలేదు."

"ఊఁ."

"రంగు కూడా వడకట్టలేదు."

"సరేలే. మంచినీళ్లు తాగుతావా?"

వాడు ఆశ్చర్యంగా ఆవిడ ముఖంలోకి చూశాడు. తిట్టు ఇంకా రాలేదేమిటని కాసేపు ఎదురుచూశాడు కూడా. రాలేదు. అప్పుడు మెల్లగా అన్నాడు. "పోయినేడు గోదాము దగ్గర నువ్వు లేనప్పుడు ఇంజను వేడిగా ఉండగానే పెట్రోలు పోశానక్కా. భగ్గుమంది. ఇసక చల్లి ఆర్పేశాను. నీకు చెప్పలేదు."

ఆవిడ మంచానికి దగ్గరగా జరిగింది. వాడి కుడిచెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది.

"ఒక వాన రోజున ఇంజను లోపల గదిలో పెట్టి తలుపేశా. పొగకి తల తిరిగి పడిపోయా. జ్వరమని చెప్పా."

కళ్లనీళ్లు కారిపోతున్నా ఆవిడ తుడుచుకోలేదు. తుడుచుకుంటే వాడు ఆగిపోతాడని భయం.

"ఇంకా?" అంది. "చెప్పు నాయనా, ఇంకేమున్నాయో అన్నీ చెప్పు."