ముక్క అడుగున గుడ్లు

కోరల్‌ని, అంటే బతికున్న పగడాన్ని, ముక్కలు చేసేది ఎముకలు కోసే కత్తెరతో. నొక్కితే పటుక్కుమంటుంది, తెగినచోట జిగురు కారుతుంది. నా చేత మొదటిసారి ఆ పని చేయించింది సింగపూర్‌లో టోవా పాయోలో ఉండే కరీంనగర్ ఆయన. నాకన్నా పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి.

"ఒక్క పట్టుకు తెంపు. మెల్లగ నొక్కితే నలిగి సస్తది," అన్నాడు కత్తెర నా చేతికిస్తూ.

ఇళ్లల్లో సముద్రపు నీళ్ల ట్యాంకులు పెంచుకునేవాళ్లం ఇలా ముక్కలు మార్చుకుంటాం. ఆ పద్ధతులన్నీ అన్నే నేర్పాడు. కోసిన ముక్కకి వారం పాటు గాయం మాననివ్వాలి. సంచి గోడకి రాసుకోకుండా చిన్న స్పాంజి ముక్కకి గుచ్చి తలకిందులుగా తేల్చాలి. రెండు సంచులు కట్టి థర్మోకోల్ పెట్టెలో పెట్టాలి, ఇక్కడి ఎండలో పది నిమిషాలు చాలు ఉడికిపోవడానికి. వీటన్నిటికన్నా ముందు ముక్క అడుగుభాగం చూడాలి. కోరల్‌ని తినే చదును పురుగులు అక్కడే గుడ్లు పెడతాయి. మందు నీళ్లలో ముంచితే పురుగులు చస్తాయి, గుడ్లు చావవు. వాటిని బ్లేడుతో గీకెయ్యాలి.

అన్న దగ్గరున్న ఊదారంగు కోరల్ కొమ్మ కోసం ఏడాదిగా అడుగుతున్నాను. చివరికి నా ఆకుపచ్చదానికి బదులుగా ఇస్తానన్నాడు. ఆ శుక్రవారం ఆఫీసయ్యాక ఎక్స్‌పో స్టేషన్‌లో కలవాలి. పొద్దున ముక్కని సంచిలో పెడుతుంటే అడుగున గోధుమరంగు చుక్కలు కనిపించాయి. నాచు అనుకున్నాను. గీకి, ఇంకొన్ని వారాలు విడిగా ఉంచి చూడొచ్చు. ఈలోగా అన్న మనసు మార్చుకుంటే? సంచి మూతి బిగించి రబ్బరు బ్యాండు వేశాను.

ఏడు వారాల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. "ఇంటికి రా." అంతే అన్నాడు.

ట్యాంకు చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఎనిమిదేళ్లుగా పెంచినవి, తోటలా ఉండేవి, ఒక్కటి మిగలకుండా తెల్లటి ఎముకలయ్యాయి. అన్న నీళ్లలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. నేనిచ్చిందే. దాని అడుగంతా గుడ్లు.

"ఇచ్చిననాడు చూసినవా?"

"చూశాను. నాచు అనుకున్నా."

"అనుకున్నవా, అనుకోవాలని అనుకున్నవా?"

అన్న నా చెంప మీద కొట్టాడు. తడి చేతి దెబ్బకి చెవి గుయ్యిమంది. తర్వాత ట్యాంకులోంచి చచ్చిన కొమ్మలు విరిచి నా మీదకి విసరడం మొదలుపెట్టాడు. అవి గాజుపెంకుల్లా కోస్తాయి. ఒకటి కనుబొమ్మ పైన దిగింది, కంట్లోకి రక్తం కారింది. నేను అన్న చొక్కా పట్టుకుని గోడకేసి గుద్దాను. ఒకసారి కాదు. తప్పు నాదని తెలిసే గుద్దాను, తెలిసినందుకే ఇంకా గట్టిగా గుద్దాను. అన్న తల వెనక్కి తగిలిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఉప్పునీళ్లలో జారి ఇద్దరం కింద పడ్డాం. ఆయన బొటనవేలు నా గొంతు మీద ఉంది, ఊపిరి ఆడలేదు.

వదిన వంటింట్లోంచి పరుగున వచ్చి మా మధ్య మోకాళ్ల మీద కూలబడి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. "జీవాలు పోయినయి సాలదా? మీరు గూడ పోతరా?" అంది. తువాలు నా నుదుటికి అదిమి పట్టి క్లినిక్‌కి నడిపించుకెళ్లింది. మూడు కుట్లు పడ్డాయి.

ఇంటికొచ్చి నా ఆకుపచ్చ తల్లి కొమ్మని తిరగేసి చూశాను. అవే చుక్కలు. దాన్ని అక్కడికక్కడే సుత్తితో నలగ్గొట్టాను. మిగతావాటిని వారం వారం మందులో ముంచుతూ, గీకుతూ రెండు నెలలు గడిపాను. మూడు మిగిలాయి, వాటిలో అన్న ఇచ్చిన ఊదారంగుదీ ఉంది.

నాలుగుసార్లు మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. రెండు నెలలు నిండాక తనే పంపాడు. "గుడ్లు ఉన్నయా ఇంకా?"

"లేవు."

"ఇంకో రెండు వారాలు ముంచుడు ఆపకు."

క్షమించానని అనలేదు. ట్యాంకు తీసేశాడని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఊదారంగు కొమ్మని కోసి తెస్తానని రాయాలనుకుని, రాసి, పంపకుండానే చెరిపేశాను.