ఒక కప్పు అన్నం

టేపక్కకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? రెండున్నర నెలలుగా పొయ్యి దగ్గర ఆవిడ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. తీరా భర్త రక్తపరీక్ష కాగితం చేతికొస్తే, పరగడుపు చక్కెర నూట అరవై ఎనిమిది నుంచి నూట డెబ్బై ఒకటికి ఎక్కి కూర్చుంది.

"ఇంట్లో ఏం వండుతున్నారమ్మా?" అని డైట్ మేడమ్ కళ్లజోడు పైనుంచి చూస్తూ అడిగింది. ఏం వెలగబెడుతున్నావని అడిగినట్టు వినపడింది టేపక్కకు. పక్కనే కూర్చున్న భర్త ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. సిటీబస్సు డ్రైవరు ఆయన. రోడ్డు మీద ఎవడైనా అడ్డొస్తే ఏడు తరాలూ ఎత్తి తిట్టిపోస్తాడు గానీ, ఆసుపత్రి మెట్లెక్కితే నోటికి తాళం పడుతుంది.

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. ముందుగదిలో కుట్టుమిషను, మెడలో టేపు, ఇరవై రెండేళ్లుగా అదే వేషం. పావంగుళం తేడా వచ్చినా కుట్టు విప్పేసి మళ్లీ కుట్టే రకం. చూపుతోనే నడుం కొలత పట్టేస్తుంది, పోయినసారికీ ఇప్పటికీ ఎంత లావెక్కారో మొహం మీదే అనేస్తుంది. ఆ మాట పడలేక కొందరు వేరే దర్జీని వెతుక్కున్నారు. పోతే పోనీ అనుకుంది.

డిపోలో డ్రైవర్లకు ఏటా వైద్యపరీక్ష ఉంటుంది. ఈసారి ఆయనకు చక్కెర బయటపడింది. మూడు నెలల్లో నూట నలభై కిందికి దించుకు రాకపోతే స్టీరింగు వదిలి బస్సులు కడిగే షెడ్డుకు పోవాలన్నారు. ఇరవై ఆరేళ్లు డ్రైవరు సీటు తప్ప మరోటి ఎరగని మనిషి. ఆ సీటు పోతే ఏమైపోతాడోనని టేపక్క భయం. అందుకే నడుం బిగించింది.

నూనె డబ్బా పొయ్యి పక్కనుంచి అటకెక్కింది. కూరకు కొలిచి రెండే చెంచాలు. వేపుళ్లు బంద్. క్యాబేజీ, బీన్సు, క్యారెట్టు మూతపెట్టి సన్నసెగ మీద మగ్గించడం, పొద్దున్నే నానిన శనగలు, రసం తీయకుండా పండుకు పండే నమిలి తినడం, పప్పులో ఇంత ఆకుకూర. ఉప్పు తగ్గిన లోటును నిమ్మకాయతో, మిరియాలతో కప్పిపుచ్చడం కూడా పట్టుబడింది. మేడమ్ చెప్పిందంతా తన చేత్తోనే రాసి వంటింటి తలుపుకు అంటించింది. కూర కంచంలో సగం. పప్పు ఒక గరిటె. అన్నం ఒక కప్పు.

"ఇదేం తిండి అమ్మాయ్, గడ్డీ గాదమూ" అని అత్తగారు సణిగేది.

"గడ్డి తినే గుర్రం పరిగెడుతూనే ఉందిగా అత్తయ్యా" అని ఈవిడా ఊరుకునేది కాదు.

ఇంత చేస్తే, దిగాల్సిన అంకె ఎక్కింది. ఇంకా పదమూడు రోజులే గడువు. ఇంట్లో తప్పు లేదంటే బయటే ఏదో జరుగుతోందని టేపక్క తేల్చేసింది. భర్త బస్సులోనే పనిచేసే కండక్టరును ఇంటికి పిలిచి నిలదీసింది.

"నిజం చెప్పు బాబూ, డిపో క్యాంటీన్లో మీ అన్నగారు ఏం లాగిస్తున్నారు?"

"ఒట్టు వదినా, బిస్కెట్టు చూపించినా మొహం తిప్పుకుంటున్నాడు. మా పాప పుట్టినరోజు కేకు ఇస్తే వాసన చూసి వెనక్కిచ్చేశాడు."

ఇద్దరూ కూడబలుక్కున్నారనుకుంది టేపక్క. ఆ సాయంత్రం ఆయన ఇంట్లో అడుగు పెట్టగానే అందుకుంది.

"ఎక్కడ తింటున్నారండీ? క్యాంటీన్లోనా, బస్టాండు బండి దగ్గరా?"

"ఎక్కడా తినట్లేదు."

"మరి చక్కెర గాలికి పెరిగిందా?"

ఆయన చెప్పులైనా విప్పకుండా మళ్లీ బయటికి వెళ్లిపోయాడు. మూడు రోజులు మాటల్లేవు. ఈవిడా తగ్గలేదు. డ్యూటీ సంచి దులిపి కాగితప్పొట్లాలు వెతికింది, చొక్కా జేబులు వాసన చూసింది. ఏమీ దొరక్కపోతే, ఎంత తెలివి మీరిపోయాడో చూడు అని ఇంకా ఉడికిపోయింది.

నాలుగో రోజు ఆదివారం. రోజూ ఆయన భోజనం వేళా, బేరాలొచ్చే వేళా ఒకటే కావడంతో, కూరా పప్పూ గిన్నెల్లో సర్ది టేపక్క మిషను ముందుకెళ్లిపోయేది. అన్నం వండటం, వడ్డించడం అత్తగారివి. ఆ రోజు కొలతలివ్వడానికి రావాల్సిన మనిషి రాలేదు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిన టేపక్క అక్కడే ఆగిపోయింది. అత్తగారు బియ్యం డబ్బాలో ఉండే సత్తు పాత్ర తీసి, నిండా అన్నం పెట్టి, గరిటె వెనకవైపుతో అదిమి, కొడుకు కంచంలో బోర్లిస్తోంది.

"ఏంటత్తయ్యా అది?"

"కప్పు. నువ్వే రాశావుగా ఒక కప్పని. వాడు సగం చాలంటాడు, నేనెక్కడ ఒప్పుకుంటాను? మేడమ్ రాయించింది, మందులాంటిది, వదలకూడదు తినరా అని దగ్గర కూర్చుని తినిపిస్తున్నా."

ఆ ఇంట్లో టీ గ్లాసుల్లో తాగుతారు, పెరుగు గిన్నెల్లో తింటారు. కప్పు అంటే ఒక్కటే. ఇంటినిండా జనం ఉన్న రోజుల్లో బియ్యం కొలవడానికి అత్తగారు కొన్న పాత్ర అది. టేపక్క కూడా కాపురానికొచ్చిన నాటినుంచీ దాన్ని కప్పనే అంటోంది. మేడమ్ తన బల్ల మీది టీకప్పు ఎత్తి చూపించి మరీ చెప్పింది. ఇంటికొచ్చి రాసేటప్పుడు ఈవిడ బుర్ర ఏ గడ్డి మేస్తోందో.

పక్కింటికి పరిగెత్తి టీకప్పు అడిగి తెచ్చి కొలిచింది. నాలుగున్నర. పూటకు నాలుగున్నర కప్పులు, అదీ అదిమి. చక్కెర జబ్బు తెలియక ముందు కూడా ఆయన అంత తినలేదు. ఆవిడకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. కోపం చూపించడానికి ఎవరూ మిగల్లేదు, అత్తగారితో సహా.

మిగిలిన తొమ్మిది రోజులూ టీకప్పుతోనే పెట్టింది. చివరి పరీక్షలో నూట నలభై ఎనిమిది వచ్చింది. ఇంకో రెండు వారాలుంటే దిగేదే. గీత దాటితే దాటినట్టే అన్నారు డిపోలో.

షెడ్డులో మొదటి రోజు ముగించుకుని ఆయన మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు. టేపక్క తువ్వాలు అందించి ఎదురుగా నిలబడింది.

"తిట్టేయండి. నోరారా తిట్టేయండి."

ఆయన వంగి కాళ్లు తుడుచుకున్నాడు.

"ఎక్కడ తింటున్నారని వందసార్లు అడిగావు. ఎంత తింటున్నారని ఒక్కసారి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ అన్నం మింగలేక చచ్చేవాణ్ణి."

"మరి చెప్పొచ్చుగా మీరే?"

"నువ్వు రాసిన కొలత కదా, తప్పుండదనుకున్నా."