బావ కట్టిన గ్లైడరు, అక్క కట్టిన నిమ్మకాయ

మొన్న విశాఖలో మా ఎదురింటి పెళ్ళిలో ఫొటోలు తీసే కుర్రాడు డ్రోన్ ఎగరేస్తున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నానని కాబోలు, "మీరూ ఓసారి ఆడిస్తారా తాతగారూ?" అని చేతిలో రిమోటు పెట్టె నా వైపు చాచాడు. వద్దన్నాను. పొగరనుకుని ఉంటాడు. అలాంటి పెట్టె నా చేతికి రావలసిన రోజొకటి ఉండేది. ఆ రోజు రానిది ఇప్పుడెందుకు?

ఇనుపరాయి గనుల రోజుల్లో మేం బస్తరులో, కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా బావ, అంటే పెద్దక్క భర్త, రాయిని విశాఖ రేవుకి మోసే రైళ్ళకి డ్రైవరు. నేను వాటికే గార్డుని. ఆయన ముందు ఇంజన్లో, నేను చిట్టచివరి పెట్టెలో. ఇంట్లోనూ అదే వరస. ఆయన ఓసారి కలకత్తా వెళ్ళి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. అందులో గ్లైడరు, అంటే ఇంజను లేని బొమ్మ విమానం, ముక్కలు ముక్కలుగా: బరువే తెలియని బల్సా చెక్కలు, పలచటి కాగితం, కింద నిలబడి తోక తిప్పడానికి రేడియో పెట్టె. ఆ వానాకాలమంతా డ్యూటీ దిగడం, చెక్కలు కోసి అతికించడం. రెక్కల్లోని పక్కటెముకలన్నీ గరుకు కాగితం పెట్టి నునుపు చేసింది నేనే. దీనికి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు గనక నేనే చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో ఎర్రధూళి అన్నంలోనే పడేది, జిగురులో పడదా? తెల్లగా ఉండాల్సిన రెక్కలు పుట్టుకతోనే పాన్ నమిలినట్టుండేవి.

"మొదటిసారి నానెగరేస్తాను, రెండోసారి నువ్వు. మీ అక్క మీదొట్టు" అన్నాడు బావ.

"నా మీదెందుకు, మీ అమ్మ మీద ఏస్కోండి" అంది అక్క.

విశ్వకర్మ పూజనాడు ఆ ఊళ్ళో బొట్టు పెట్టించుకోని యంత్రం ఉండేది కాదు. ఇంజన్లకీ, గనిలో డంపర్లకీ, కుట్టుమిషన్లకీ అదే మర్యాద. అక్క గ్లైడరుకీ పసుపు రాసి, ముక్కు కింద నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. బరువెక్కిపోతుందని బావ గోల పెట్టాడు. "దిష్టి తగల్దేటి? కాలనీ అంతా చూస్తన్నారు. అది ఇప్పితే నా మీదొట్టే" అంది. మా ఇంట్లో ఒట్లన్నీ అక్క మీదే. బావ రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి, నిమ్మకాయతో సహా తూచి చూసి, ముక్కు పైకి లేవకుండా బరువు కోసం అందులో నింపిన ఇనుపరాయి ముక్కల్ని ఆ మేరకు తీసేశాడు.

వానలు ఆగేసరికి దసరా దాటిపోయింది. సెలవు దొరికిన రోజు ముగ్గురం కొండవాలు ఎక్కాం. నిమ్మకాయ ఎండి, డొల్లయిపోయి, గోలీకాయంత మిగిలింది. "బావా, కాయ తేలికైపోయింది, మళ్ళీ ఓసారి తూచు" అన్నాను.

"గార్డువి గార్డులాగుండు. ముందు సంగతి నీకేటి?" అన్నాడు. అక్క కూడా నవ్వింది. అదీ గుర్తుంది.

అప్పుడే అటుగా గని ఇంజనీరొకాయన షికారుకొచ్చి ఆగాడు. ఆయన అడగనైనా లేదు. బావ వంగిపోయి, "సాబ్, పహలే ఆప్" అని పెట్టె ఆయన చేతిలో పెట్టేశాడు. గ్లైడరు నెత్తిమీద పట్టుకుని నిలబడ్డ నేను, "మరి నా వంతో?" అన్నాను.

"ఆయన తరవాత నాను, నా తరవాత నువ్వు. ఏటా తొందర? కొండెక్కడికి పోద్దిరా!"

పరిగెత్తి విసిరాను. విసరడం ఒక్కటే నాకు దక్కింది. గాలి అందుకుంది. అక్క చేతులు జోడించింది. అంతలోనే ముక్కు పైకెత్తి, ఏదో మరిచిపోయినట్టు గాల్లో ఆగి, తోక మీదుగా జారింది. మళ్ళీ లేచింది, మళ్ళీ జారింది. ఇంజనీరు పెట్టె మీది పుల్లని ఎటో తిప్పాడు. అది లోయ దాటి, ఎదురు కొండ మీద గనివాళ్ళ కంచె అవతల పడింది. "అచ్ఛా ఖేల్ థా" అని ఆటని మెచ్చుకుని ఆయన బావ భుజం తట్టి వెళ్ళిపోయాడు. నా భుజం తట్టలేదు.

వెంటనే వెళ్దామంటే గనిలో పేలుళ్ళ సైరన్ మోగింది. మర్నాడు వెళితే చౌకీదారు "పర్మిషన్ నహీ" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా అదే మాట. ఇంకోటి కడదామన్నాడు బావ. కట్టలేదు. ఆఖరి రోజుల్లో మంచం మీద దగ్గుతూ ఉంటే కూడా గుర్తు చేశాను. "నీ వంతు ఎక్కడికీ పోలేదురా" అన్నాడు. ఆయన వంతు కూడా ఆ కంచె అవతలే పడిందని అక్క తర్వాత ఎప్పుడో అంది. ఉండొచ్చు. నేను నాది లెక్కపెట్టుకున్నాను.

ఆ ఎదురు కొండని మెట్లు మెట్లుగా కోసేశారు. రాయంతా రేవుకి దిగింది. దాంతోపాటే ఏ వ్యాగన్లోనో బల్సా చెక్కలూ, ఎండిన నిమ్మకాయా దిగే ఉంటాయి. రైలు కదలడానికి పచ్చజెండా ఊపింది నేనే. ఎక్కడికీ పోదన్న కొండ అలా నా కళ్ళముందే, నేను చివరి పెట్టెలో కూర్చుని ఉండగానే, మెల్లగా వెళ్ళిపోయింది.