యంత్రం పట్టిచ్చిన ఎర్ర చిక్కుళ్ళు

దేజాన్ నగరంలోని మా ప్రయోగశాలలో డైరెక్టర్ కన్నా ప్యో మల్‌సున్ అక్క అంటేనే అందరికీ హడల్. రోగి కాలేయంలోంచి తీసిన గోరంత ముక్కను కరిగించి, అందులోని ప్రోటీన్లను ఎంజైముతో తుంపులు చేసి, ఉప్పూ మలినం కడిగి యంత్రానికి అందించడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. తుంపుల బరువు చూసి ఏ ప్రోటీన్ ఏ ప్రాణిదో యంత్రం చెప్పేస్తుంది. రోగం సంగతే కాదు, మన చుండ్రు రాలినా, ఉన్ని పోగు పడినా చెప్పేస్తుంది. అందుకే అక్క ఎముకలు కొరికే చలిలోనూ ఉన్ని స్వెట్టర్ వేసుకోదు, ఎవర్నీ వేసుకోనివ్వదు. నేను చేరిన రోజున తలుపు తీసి పలకరించబోతే, తుంపర్లు పడతాయని బయటికి గెంటేసింది. వారం రోజులు తిట్టుకున్నాను.

మొన్న కొత్త యంత్రం వచ్చింది. మా ఆచారంలో కొత్త యంత్రమంటే పంది తల, ఎర్ర చిక్కుడు గింజలు చల్లిన బియ్యప్పిండి రొట్టె, బియ్యం కల్లు పెట్టి మొక్కాల్సిందే. సైన్సు చేసే చోట ఇవేం వేషాలని డైరెక్టర్ నమ్‌గుంగ్ గారు వద్దన్నారు. అక్క బుద్ధిగా తలూపి, ఆదివారం ఆయన లేకుండా చూసి కింది అంతస్తులో యంత్రానికి సాష్టాంగపడింది. కాపలా నేను. మిగిలిన రొట్టె వంటగది ఫ్రిజ్‌లో పెట్టాం.

సోమవారం పై అంతస్తులో అక్క మొదటి ముక్క సిద్ధం చేసింది. మంగళవారం ఫలితం చూసి డైరెక్టర్ మా ఇద్దర్నీ పిలిచారు. అక్క ఉద్యోగం ఏడాదికోసారి పొడిగింపు కాగితం మీద ఆయన పెట్టే సంతకంతో నడుస్తుంది. ఆ కాగితం ఆయన మోచేతి కిందే ఉంది.

"ఇందులో పంది ఉంది ప్యో గారూ. పూజ చేశారు కదూ?"

"పంది రోజూ ఉంటుందండీ," అంది అక్క చల్లగా. "మనం ప్రోటీన్ల కోతకు వాడే ఎంజైము పందిదే."

ఆయన ముఖం కాస్త మాడింది. ఫలితాల జాబితా మీద వేలు కిందికి జరిపి, మరి ఎర్ర చిక్కుడూ బియ్యమూ ఎక్కడివన్నారు. అబద్ధం చెబితే తప్పించుకోవచ్చు, చెప్పక్కా అని మనసులోనే మొత్తుకున్నాను.

"పూజ చేశాను. తప్పే. కానీ అది కింద, ఆదివారం. ఇంటికెళ్ళి తలంటుకుని, కొత్త కోటు వేసుకుని సోమవారం పైకొచ్చాను. నేను గొట్టం మూత తీసి ఉండగా ఒకరు మాస్కు దించుకుని, నా భుజం మీంచి పావుగంట సలహాలిచ్చారు. ఆ పొద్దున ఫ్రిజ్‌లో రొట్టె సగమే ఉంది."

నమ్‌గుంగ్ గారు పెదవులు తుడుచుకున్నారు. నాకు నవ్వు ముంచుకొచ్చి దగ్గులోకి మళ్ళించాను. అక్క మాత్రం నవ్వలేదు.

"పద్దెనిమిదేళ్ళలో ఎవర్నయినా బయటికి పొమ్మన్నాను. మిమ్మల్ని అనలేకపోయాను. ఈ కాగితం గుర్తొచ్చింది. ఆ రోగి ముక్క పాడైందంటే దోషం మీది సగం, నాది సగం."

దాచిన మిగతా ముక్కతో మళ్ళీ చేయొచ్చా అని ఆయన అడిగారు. చేయొచ్చంది. అప్పుడు కాగితం బయటికి లాగి, ఏడాది అన్నచోట కొట్టేసి ఐదేళ్ళు అని రాసి సంతకం పెట్టారు.

"ఈసారి నేనొస్తే పొమ్మనండి," అన్నారు. "రొట్టె మాత్రం బాగుంది."