నాన్న పేరు, అమ్మ నోట

నాన్న పోయిన కొన్నాళ్లకు, ఆయన ఏళ్ల తరబడి జీతంలో మిగిల్చి దాచిన పీపీఎఫ్ ఖాతా మూయించడానికి అమ్మను వెంటబెట్టుకుని అబిడ్స్ పోస్టాఫీసుకు వెళ్లాను. నామినీ అమ్మే. నాకసలే ఓపిక తక్కువ. మరణ ధ్రువపత్రం, జిరాక్సులు, సాక్షుల సంతకాలు అన్నీ పట్టుకెళ్లినా కౌంటర్లో ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది.

"ఖాతా ఎవరిదమ్మా? పేరేంది?"

"మావారిదండీ," అంది అమ్మ.

"గట్ల కాదమ్మా, పేరు చెప్పున్రి."

అమ్మ నావైపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా వాళ్లు కోస్తా నుంచి వచ్చి కాచిగూడలో స్థిరపడి ఎన్నాళ్లైనా, అమ్మ మొగుడి పేరు నోటితో అన్నది లేదు. అంటే ఆయనకు ఆయుక్షీణమని అమ్మమ్మ చెప్పిందట. రేషన్ కార్డువాళ్లొచ్చినా, గ్యాసు బండివాడొచ్చినా ఆ పేరు చెప్పే ఉద్యోగం నాదే. ఇక్కడా చెప్పేశాను.

"మీరు జర ఆగున్రి మేడం. నామినీ అమ్మగారు గదా, ఆమెనే చెప్పాలె."

నాకు ఒళ్లు మండింది. "కాగితం మీద ఉందిగా, చూసుకోరాదా!" అని గయ్యిమన్నాను.

అమ్మ నా చెయ్యి నొక్కింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, తప్పు చేసినదానిలా తల వంచి, నాన్న పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. పుట్టి బుద్ధెరిగాక ఆ గొంతులో ఆ పేరు వినడం అదే మొదలు. కోపం ఎటు పోయిందో, నాకు ఏడుపు ఆగలేదు. కౌంటర్లో ఆవిడ సంతకాలు పెట్టించుకుంది.

ఎండకు నడవలేక మొజంజాహీ మార్కెట్లో కూర్చున్నాం. సీతాఫలం ఐస్‌క్రీం తెచ్చిస్తే అమ్మ ముట్టుకోలేదు.

"ఆఖరి రోజు డాక్టరుగారు ఏమన్నారో గుర్తుందా?" అంది.

గుర్తు లేకేం. నాంపల్లిలో ఆసుపత్రి. నాన్నకు స్పృహ లేదు. పేరు పెట్టి గట్టిగా పిలవండమ్మా, పలుకుతారేమో అన్నాడాయన. అమ్మ మంచం మీదికి వంగి "ఏమండీ, ఏమండీ" అనే పిలిచింది.

"పేరెత్తితే ఉన్న కాస్త ఆయుష్షూ పోతుందని భయపడ్డానే," అంది అమ్మ. "ఇవాళ డబ్బు కోసం చెప్పాను చూడు, పాపిష్టిదాన్ని."

"ఊరుకో అమ్మా. పిలిచినా ఆయనకు వినపడేది కాదులే."

"వార్డులో ప్రతి ఆడదీ ఏమండీ అనే పిలుస్తోందే. తననే పిలుస్తున్నానని ఆయనకెలా తెలుస్తుంది?"