కుడివైపు తిరగడానికి అరవై రోజులు

“ఎన్నాళ్ళుంటారు?”

ఈ మాట అల్లుడు అడిగి ఉంటే రెండు కుటుంబాల మధ్య ఆరేళ్ళు మాటలుండేవి కావు. అడిగింది విమానాశ్రయంలో అద్దం వెనక కూర్చున్న అధికారి కాబట్టి ఆవిడ నొచ్చుకోలేదు. పైగా ఆ ప్రశ్న ఆవిడకు కొత్త కాదు. ముప్పై ఒక్కేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఎక్కిన ప్రతివాణ్ణీ “ఎక్కడిదాకా?” అని అడిగి, వాడు ఏ ఊరు చెబితే ఆ ఊరికి టికెట్టు చింపి ఇచ్చింది. అడిగించుకునే వైపు నిలబడటం మాత్రం అదే మొదటిసారి.

“తొంభై రోజులు,” అంది.

అధికారి ఆవిడ మొహం వంక ఒకసారి చూసి, ముద్ర కొట్టి, దాని కింద చేత్తో ఒక తేదీ రాశాడు. ఆవిడ పాస్‌పోర్టు సంచిలో వేసుకుని ముందుకు జరిగింది. జరగడం, జరిపించడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. కిక్కిరిసిన బస్సులో ఆ గొంతు వినపడితే నిలబడ్డవాళ్ళే కాదు, కూర్చున్నవాళ్ళు కూడా ఓ అంగుళం జరిగేవారట. డిపోలో అందరూ “జరగండమ్మ” అనే పిలిచేవారు. పదవీ విరమణ నాడు వేసిన పూలదండ రిబ్బను మీద కూడా ఆ పేరే రాయించారు.

బయట కూతురు, అల్లుడు ఎదురుచూస్తున్నారు. ఆరు నెలలని చెప్పమని కూతురు ఫోనులో పదిసార్లు నూరిపోసింది. తిరుగు ప్రయాణం టికెట్టు కూడా ఆరు నెలలకే కొన్నారు. మరి ఈవిడ తొంభై ఎందుకు చెప్పింది? ఎందుకంటే ఆవిడ లెక్క బస్సు లెక్క. ఎక్కగానే ఆఖరి స్టేజీకి టికెట్టు అడిగేవాణ్ణి ఎవరైనా ఒకటికి రెండుసార్లు చూస్తారు. దగ్గర స్టేజీకి తీసుకుంటే మర్యాద. ఆ తర్వాత సీటు బాగుంటే, పక్కనున్నవాడు మంచివాడైతే, అక్కణ్ణుంచి ఇంకో టికెట్టు కొట్టించుకోవచ్చు. కూతురింట్లో సీటు ఎలా ఉంటుందో ఆవిడకు ముందే తెలియదు కదా.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

కూతురు ఆసుపత్రి ప్రయోగశాలలో రక్తపరీక్షలు చేస్తుంది. కంటికి కనిపించని కణాలను లెక్కపెట్టే ఉద్యోగం. అల్లుడిది సైకిళ్ళు బాగుచేసే దుకాణం. ఇంజినీరింగు చదివి, ఆఫీసులో ఏడేళ్ళు కుర్చీ అరగదీసి, ఒకరోజు మానేసి రెంచి పట్టుకున్నాడు. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. మెట్ల మీద రబ్బరు, గ్రీజు కలిసిన వాసన. వంటింటి కిటికీలోంచి చూస్తే కొక్కేలకు తలకిందులుగా వేలాడే చక్రాలు.

తల్లి వచ్చింది కాబట్టి కూతురికి “అమ్మ చేతి వంట” దొరికిందని చదివేవాళ్ళు అనుకోవచ్చు. అలాంటిదేమీ జరగలేదు. ఆవిడ సర్వీసంతా డిపో క్యాంటీనులో తిన్నది. ఇంట్లో వంట భర్తది, ఆయన పోయాక కూతురిది. ఆవిడ చేసిన పప్పు ఒకసారి తిన్నవాళ్ళు రెండోసారి అడగరు. మొదటి వారం ఉత్సాహంగా చేసిపెట్టింది. రెండోవారం కూతురే, “అమ్మా, నువ్వు విశ్రాంతి తీసుకో,” అని బతిమాలుకుంది. ఆవిడ ఆ మాటకు బాధపడలేదు, ఊపిరి పీల్చుకుంది.

తోచక దుకాణంలోకి దిగింది. ఒక మూల చిన్న చక్రాల ఆకుపచ్చ సైకిలు దుమ్ముపట్టి ఉంది.

“ఎవరిది బాబూ ఇది?”

“రెండేళ్ళ కింద బాగుచేయమని ఇచ్చి వెళ్ళారు అత్తయ్యగారూ. మళ్ళీ రాలేదు.”

“ముప్పై ఒక్కేళ్ళు ఇంకొకళ్ళు నడిపితే నిలబడి ప్రయాణం చేశాను. నేర్పుతారా?”

అల్లుడి చేతిలో పానా ఆగిపోయింది. సైకిలు నేర్పడమంటే వెనక సీటు పట్టుకుని పరిగెత్తాలి. సీటు మీద ఉండేది అత్తగారు. సీటు పట్టుకోవాలా, మర్యాద పట్టుకోవాలా అని అతను రెండు రోజులు ఆలోచించాడు. ఇంజినీరింగు చదువు అక్కరకొచ్చింది. సీటు కింద నాలుగడుగుల ఇనప గొట్టం ఒకటి వెనక్కి బిగించి, దాని చివర పట్టుకుని పరిగెత్తాడు. అటు సమతూకమూ తప్పలేదు, ఇటు బంధుత్వమూ చెడలేదు. “రైట్ రైట్” అంటే వదలాలి, “హోల్డాన్” అంటే పట్టుకోవాలి. వీధిలో వాళ్ళకు ఆ మాటలకు అర్థం తెలియకపోయినా ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో మాత్రం తెలిసిపోయింది.

నలభై రోజులకు గొట్టం తీసేశారు. ఆవిడ వీధి చివర దాకా వెళ్ళి, ఎడమకు తిరిగి, మళ్ళీ ఎడమకు, మళ్ళీ ఎడమకు తిరిగి ఇంటికి వచ్చేది. కుడివైపు మాత్రం తిరగలేదు. అటు తిప్పబోతే హ్యాండిలు వణుకుతుంది, కాలు నేలకు ఆనుతుంది. ప్రపంచంలో సగం ఆవిడకు అందకుండా ఉండిపోయింది.

“ఇక్కడ వీధిలో రాదు అత్తయ్యగారూ. పురపాలక సంఘం వాళ్ళ మైదానం ఉంది. గీతలు గీసి, మలుపులు పెట్టి, నేర్చుకునేవాళ్ళ కోసమే. కార్డు ఒకటి చేయించుకోవాలి.”

కార్డుకు పాస్‌పోర్టు నకలు కావాలి. నకలు తీద్దామని ఒక గురువారం సాయంత్రం కూతురు పాస్‌పోర్టు తెరిచింది. ముద్ర ఉన్న పేజీ చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

“అమ్మా, ఇక్కడ ఈ తేదీ ఏమిటే?”

“ఆయన రాశాడు.”

“ఎందుకు రాశాడు?”

“ఎన్నాళ్ళుంటారని అడిగాడు. తొంభై అన్నాను. రాశాడు.”

కూతురు ఆ పేజీ ఆవిడ ముందుకు తోసింది. “ఆరు నెలలు చెప్పమన్నాను కదే. ఆరు నెలల దాకా ఇస్తారు కదే. టికెట్టు కూడా ఆరు నెలలకే ఉంది కదే.”

“అడక్కుండా ఎక్కువ ఎవరిస్తారు? నేనైతే ఇచ్చేదాన్ని కాదు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగావా? వచ్చిన రోజు నుంచి షుగరు మాత్ర వేసుకున్నావా, షుగరు మాత్ర వేసుకున్నావా అని తప్ప ఇంకేమైనా అడిగావా?”

అప్పటికి డెబ్బై ఆరు రోజులయ్యాయి. ఇంకా పద్నాలుగున్నాయి. గడువు ఒక్క రోజు దాటినా ఐదేళ్ళ పాటు ఆ దేశం గడప తొక్కనివ్వరు. అరవై మూడేళ్ళ మనిషికి ఐదేళ్ళంటే మాటలా? తప్పు కూతురిది కూడా. రోజూ లక్ష కణాలు లెక్కపెట్టే మనిషి, తల్లి పాస్‌పోర్టులో ఒక్క తేదీ చూడలేదు. తెలిసినవాళ్ళ తల్లిదండ్రులందరికీ ఆరు నెలలిచ్చారు కాబట్టి తన తల్లికీ ఇచ్చే ఉంటారనుకుంది.

ఏం చేయాలని ఫోనులో మనవాళ్ళ గ్రూపులో అడిగింది. పది నిమిషాల్లో పాతిక సలహాలు. వీసా ఏడాదికి ఉంది కదా, ముద్రను పట్టించుకోకండి అన్నాడొకడు. సరిహద్దు దాటి ఒక టీ తాగి వెనక్కి రండి, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది అన్నాడు ఇంకొకడు. నడుం నొప్పి అని డాక్టరు చేత రాయించండి అంది ఒకావిడ. నలుగురు తల్లి దైవంతో సమానమని పూల బొమ్మలు పంపారు. తల్లి గొప్పతనం మీద అక్కడ ఎవరికీ అనుమానం లేదు. అనుమానం తేదీ మీద. దాని గురించి ఖచ్చితంగా చెప్పినవాడు ఒక్కడూ లేడు.

సలహాలన్నీ కూతురు చదివి వినిపిస్తుంటే ఆవిడ నవ్వింది.

“వీళ్ళంతా బస్సెక్కని మొహాలు. వీసా అంటే పాసు. ఏడాదిలో ఎప్పుడైనా ఎక్కొచ్చు. ఎక్కాక ఎక్కడ దిగాలన్నది టికెట్టు మీద ఉంటుంది. టికెట్టు ఇదిగో, ఈ ముద్ర. దిగాల్సిన చోటు రాకముందే ఇంకోటి తీసుకోవాలి. దాటాక చేతిలో డబ్బున్నా కేసే.”

అల్లుడు ప్రభుత్వ వెబ్‌సైటు తీసి చదివాడు. అత్తగారు చెప్పిందే అక్కడ పదకొండు పేజీల్లో ఉంది. అదనంగా ఒక ముక్క కూడా ఉంది: గడువు పెంచమనే దరఖాస్తు చివరి తేదీకి కనీసం పది రోజుల ముందే అందాలి. అంటే చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. అందులో శని, ఆదివారాలు సెలవు.

ఆ పూటే ఫారం నింపడానికి కూర్చున్నారు. తొంభై రోజులు పొడిగించమని రాశారు. “కారణం” అన్న గడి దగ్గర కూతురి పెన్ను ఆగింది.

“కుటుంబంతో గడపడానికి అని రాయనా?”

“డెబ్బై ఆరు రోజులు గడిపాం కదే. ఇంకా గడిపితే నీకే కష్టం.”

“పోనీ నీ ఆరోగ్యం బాగా లేదని...”

“సైకిలు తొక్కుతూ ఆరోగ్యం బాగాలేదంటే ఎవరు నమ్ముతారు? ఉన్నది రాయి. సైకిలు నేర్చుకుంటున్నాను. కుడివైపు తిరగడం రాలేదు.”

“అమ్మా, అది ప్రభుత్వ ఆఫీసు.”

“నేను ఉద్యోగం చేసింది మాత్రం ఎక్కడ, సర్కారు బస్సులో కాదూ? అక్కడ అబద్ధం చెప్పినవాడు దొరికినట్టు నిజం చెప్పినవాడు దొరకడు.”

కూతురు అల్లుడి వంక చూసింది. అతను తల గోక్కుని, “రాసెయ్,” అన్నాడు.

శుక్రవారం కూతురికి సెలవు దొరకలేదు. అల్లుడు దుకాణానికి తాళం వేసి అత్తగారిని బస్సులో తీసుకెళ్ళాడు. అక్కడి బస్సుల్లో కండక్టరు ఉండడు. ఎక్కేచోట పెట్టెకు కార్డు ఆనిస్తే కీచుమంటుంది. ఆవిడ దారిపొడవునా ఆ పెట్టెను అనుమానంగా చూస్తూనే ఉంది. ఒక కుర్రజంట కార్డు ఆనించకుండా ఎక్కితే అల్లుడి మోచేయి పొడిచింది.

“చూశారా బాబూ?”

“మనకెందుకు అత్తయ్యగారూ.”

“మనకెందుకూ అనుకునే డిపోలు మునిగింది.”

ఆఫీసులో చీటీ ఇచ్చారు, నంబరు యాభై మూడు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద ఎర్ర అంకెలు, ఏడుస్తున్న పసిపిల్ల, గుసగుసలాడే పెద్దవాళ్ళు. పన్నెండింటికి వీళ్ళ వంతు వచ్చింది. కిటికీ అవతల ఉన్న ఉద్యోగిని నడివయసు మనిషి, మెడలో తాడుకు కళ్ళద్దాలు. ఫారం చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చదివింది.

“ఇది నిజమేనా?” అని అడిగింది.

జరగండమ్మ ఇంగ్లీషులో క్రియలు తక్కువ, ధైర్యం ఎక్కువ. “నిజం,” అంది. “ఎడమ, బాగుంది. కుడి, పడతాను.” మోకాలి మీద చీర కాస్త జరిపి దెబ్బ చూపించింది. అల్లుడు గోడ మీది ఎర్ర అంకెల వంక చూస్తూ నిలబడ్డాడు.

“ఎడమవైపు నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పట్టింది?”

“నలభై రోజులు.”

“అయితే కుడివైపుకి?”

ఆవిడ నిజంగా ఆలోచించింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. “కుడికి నలభై. వాన రోజులు, మోకాలి రోజులు ఇరవై. అరవై.”

“అత్తయ్యగారూ,” అన్నాడు అల్లుడు తెలుగులో, పెదవులు కదపకుండా. “ఫారంలో తొంభై రాశాం.”

“అడిగింది ఆవిడ. చెప్పకపోతే ఎలా?”

ఉద్యోగిని ఫారం మీద పెన్సిలుతో ఏదో రాసుకుని, డబ్బు కట్టించుకుని, రసీదు ఇచ్చింది. నిర్ణయం ఉత్తరంలో వస్తుంది, అప్పటిదాకా ఈ రసీదు ఉంటే గడువు దాటినా ఉండొచ్చు అని చెప్పింది. కాదన్నారనుకోండి, ఉత్తరం అందిన మూడో రోజుకల్లా వెళ్ళిపోవాలి.

బయటికి రాగానే అల్లుడు కూతురికి ఫోను చేశాడు. అవతలినుంచి వినిపించిందంతా అత్తగారికి చెప్పలేదు.

ఆ తర్వాతి రోజులు కూతురికి నరకం. పోస్టు పెట్టె రోజుకు మూడుసార్లు తెరిచేది. పోస్టు వచ్చేది మాత్రం రోజుకు ఒక్కసారే. ఆవిడ మాత్రం బట్టలన్నీ పెట్టెలో సర్దేసి, రెండు చీరలు బయట ఉంచుకుని, రసీదు చేతిసంచి లోపలి అరలో పెట్టుకుని, కొత్త కార్డుతో మైదానానికి పోయేది. కాదంటే దిగిపోవడమే, అందులో చిన్నతనం ఏముంది అనేది. కానీ అల్లుడు ఒకటి గమనించాడు. ఆ వారంలో ఆవిడ వీధిలోలా అరగంట కాదు, మైదానంలో రెండు గంటలుంటోంది. మోకాలికి కట్టు కట్టుకుని, గీసిన గీత చుట్టూ కుడివైపే తిరగబోయి పడుతోంది. దొరికిన రోజుల్లోనే పని ముగించుకుపోదామని.

ఎనభై ఆరో రోజు ఉత్తరం వచ్చింది. కూతురు మెట్ల మీదే చింపింది.

“ఇచ్చారే అమ్మా. అరవై రోజులు.”

“చెప్పానుగా.”

“నువ్వు నోరు మూసుకుని ఉంటే తొంభై ఇచ్చేవాళ్ళు.”

“తొంభై ఉండి ఏం చేస్తానే? మీ ఆయన దుకాణం పక్కన ఇంకోటి పెడతానా?”

కూతురు మెట్ల మీద కూర్చుని చాలాసేపు నవ్వింది. అల్లుడు కిందనుంచి “ఏమైంది?” అని మూడుసార్లు అరిచాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఉత్తరంలోని తేదీని గోడ క్యాలెండరులో, ఫ్రిజ్ తలుపు మీద, రెండు ఫోన్లలోనూ రాసుకున్నారు. బుద్ధి వచ్చింది.

కుడి మలుపు నూట పందొమ్మిదో రోజున వచ్చింది. మైదానంలో కాదు, దుకాణం ముందే. ఎదురుగా పాల బండి అడ్డం వస్తే ఎడమకు దారి లేక ఆవిడ కుడికి తిప్పేసింది. తిప్పేశాక కానీ తనేం చేసిందో తెలియలేదు. అల్లుడు పానా పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ వీధి మలుపు దాటిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత ఊరి అవతలి వైపు నుంచి తిరిగి వచ్చింది, ముఖం చెమటతో మెరుస్తూ.

“అటువైపు కూడా బాగుంది బాబూ,” అంది.

గడువుకు రెండు రోజుల ముందే విమానం ఎక్కింది. ఆరు నెలలకు కొన్న టికెట్టును ముందుకు జరిపించారు. ఆ తేదీన ధర తక్కువ కాబట్టి తేడా డబ్బు ఇరవై ఒక్క పనిదినాల్లో తిరిగి ఇస్తామని విమాన సంస్థ, కండక్టరు టికెట్టు వెనక చిల్లర బాకీ రాసిచ్చినట్టే, రాసిచ్చింది. ఏడు నెలలయింది. నాలుగు వేల రెండు వందల అరవై రూపాయలు ఇంకా రావాలి.