గిటారు మెడ మీద గీత

విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు, చర్చిలో వాయించడానికి పాత ఎలక్ట్రిక్ గిటారు కొందామని కొండపల్లి వెళ్లాను. అమ్మే రహీంగారు కొయ్యబొమ్మలు చేస్తారు. తీగలు బిగించే తల దగ్గర సన్నటి గీత చూపించి, "ఇక్కడ విరిగిందండీ, నేనే అతికించా. పూర్తిగా బిగించి చూడండి. నిలవకపోతే కొనొద్దు," అన్నారు.

భయపడుతూనే ఒక్కో తీగా బిగించాను. చివరి తీగ దగ్గర ఫట్‌మని చప్పుడైంది. గిటారు విరిగిపోయిందని బిగుసుకుపోయాను. చెంప భగ్గున మండింది. తీరా చూస్తే తెగి చెంపకు తగిలింది తీగ; అతుకు చెక్కుచెదరలేదు.

రహీంగారు గిటారు వంక చూడనేలేదు. "కంటికేం కాలేదు కదమ్మా?" అంటూ గబగబా తువ్వాలు అందించారు.

బేరమాడకుండా ఆయన చెప్పిన ధరకే గిటారు కొన్నాను. అమ్మే వస్తువు కన్నా కొనే మనిషి గురించి అంతగా కంగారుపడినవారిని నేను మళ్లీ చూడలేదు.